కొండదారిలో సుబ్బలక్ష్మమ్మ సబ్లా

ఒమాన్‌లోని ఇబ్రా నుంచి ఈశాన్యంగా కొండల్లోకి పోయే మట్టిరోడ్డు హైల్ సిద్ర అనే ఊరి కింద ఆగిపోతుంది. కార్లు అక్కడ వదిలి, రాళ్లు పేర్చిన మెట్ల మీద ఇరవై నిమిషాలు ఎక్కితే ఊరు వస్తుంది. మొత్తం పద్నాలుగు ఇళ్లు, మనుషులు ఉంటున్నవి ఐదు. ఒక ఖర్జూరపు తోట, తోటలోకి కొండ ఊట నీళ్లు తెచ్చే సన్నటి కాలువ. తోట దాటగానే పాత గాడిదల దారి మొదలవుతుంది. ఒకప్పుడు ఈ దారినే సముద్రపు ఒడ్డుకు ఖర్జూరాలు పోయేవి, అటునుంచి ఎండుచేపలు వచ్చేవి. ఇప్పుడు నడక సరదా ఉన్నవాళ్లు కొండ మీది రాతి సమాధులు చూడటానికి ఈ దారి ఎక్కుతున్నారు. అవి వేల ఏళ్ల నాటివట.

ఆ దారి మొదట్లో ఎడమచేతి వైపు ఒక రాతి గది ఉంది. అరబ్బీలో సబ్లా అంటారు. ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకోవడానికి, దారినపోయేవాళ్లకు కాఫీ, ఖర్జూరాలు ఇచ్చి కాసేపు కూర్చోబెట్టడానికి పాతకాలంలో కట్టుకున్న గది. దాన్ని ఇప్పుడు నడుపుతున్నది కడప జిల్లా నుంచి వచ్చిన సుబ్బలక్ష్మమ్మ. ఆమెకు యాభై రెండేళ్లు. పొట్టి మనిషి. నూలుచీర మీద మగవాళ్ల పొడుగుచేతుల చొక్కా వేసుకుంటుంది. కాళ్లకు హవాయి చెప్పులు.

నా పేరు ఓంకార్. మస్కట్‌లోని అజైబాలో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మాది జగిత్యాల పక్కన పల్లె. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని షుగర్ అంచుకు వచ్చాను. నడవకపోతే మందులు మొదలుపెట్టాల్సి వస్తుందని డాక్టర్ భయపెట్టాడు. మా బిల్డింగులోనే ఉండే కమ్రాన్ అనే పాకిస్తానీ ఇంజినీరు ప్రతి శుక్రవారం పదిమందిని పోగుచేసుకుని కొండలకు తీసుకుపోతుంటాడు. నేనూ ఆ గుంపులో చేరాను. అలా మొదటిసారి హైల్ సిద్రకు పోయిన రోజు, సబ్లా అరుగు మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తుంటే లోపలి నుంచి ఒకామె గ్లాసు పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

"తెలుగోళ్లా నాయనా?"

ఫోన్ పక్కన పెట్టి అవునన్నాను.

"ముందు ఇది తాగు. మాట్లాడేది తర్వాత మాట్లాడుకోవచ్చు."

గ్లాసులో మజ్జిగ. అల్లం, పచ్చిమిరపకాయ, ఉప్పు దంచి వేసి, కరివేపాకు నలిపి కలిపిన పల్చటి మజ్జిగ. ఒమాన్ వచ్చిన తొమ్మిదేళ్లలో అలాంటిది తాగలేదు. ఇంకో గ్లాసు అడిగాను. ఆమె ఇవ్వలేదు.

"ఎక్కేటప్పుడు ఒకటే. దిగొచ్చినాక ఎంత గావాలంటే అంత తాగు. నిండు కడుపుతో కొండెక్కితే ఆయాసమొస్తాది."

తర్వాత నా బూట్ల వైపు చూసింది. లేసులు విప్పించి, మడమ దగ్గర బిగుతుగా ఉండేలా మళ్లీ కట్టించింది. అక్కడికి వచ్చిన ప్రతి మనిషి ముఖం కంటే ముందు ఆమె కాళ్లు చూస్తుందని తర్వాత గమనించాను. పలచటి చెప్పులతో వచ్చినవాళ్లను, వాళ్లు ఎంత పెద్ద ఉద్యోగస్తులైనా సరే, పైకి పోనివ్వదు. అక్కడే కూర్చోబెట్టి రొట్టె పెట్టి మాటల్లో పెడుతుంది.

సుబ్బలక్ష్మమ్మ పుట్టింది రైల్వేకోడూరు దగ్గర, శేషాచలం అడవి అంచున. ఆ అడవిలోంచి తిరుమలకు నడిచిపోయే పాత దారి ఒకటి ఉంది. ఏటా గుంపులు గుంపులుగా జనం ఆ దారిన కొండెక్కుతారు. వాళ్లమ్మ ఆ రోజుల్లో అడవి మొదట్లో కుండలు పెట్టుకుని నడిచేవాళ్లకు మజ్జిగ పోసేది. పిల్లగా ఉన్నప్పుడు సుబ్బలక్ష్మమ్మ పని గ్లాసులు కడగటం. పెళ్లయ్యాక రాయచోటి వైపు వెళ్లింది. భర్త జయరాముడు, ఆమె కలిసి బొప్పాయి తోట వేశారు. మూడు బోర్లు వరసగా ఎండిపోయాక తోట కొట్టేసి మేకలు పట్టుకున్నారు. కూతురు రమణి నర్సింగ్ చదువుతానంది. ఆ ఏడాదే సుబ్బలక్ష్మమ్మ ఇంటిపని వీసా మీద ఇబ్రాలోని హలీమా అనే పెద్దావిడ ఇంటికి వచ్చింది.

హలీమా భర్త పోయి అప్పటికి రెండేళ్లు. పిల్లలంతా మస్కట్‌లో స్థిరపడ్డారు. ఆమెకు మాత్రం చలికాలం నాలుగు నెలలైనా అత్తవారి ఊరు హైల్ సిద్రలో గడపాలని ఉండేది. మోకాళ్ల నొప్పులు పెట్టుకుని ఆ కొండలో ఒంటరిగా ఎలా ఉంటావని పిల్లలు ఒప్పుకోలేదు. కొండ అంటే నాకు భయం లేదు, నేను తోడుపోతాను అని సుబ్బలక్ష్మమ్మే ముందుకొచ్చింది. ఆ సంవత్సరం నవంబరులో ఇద్దరూ ఊరు చేరారు.

చేరిన వారానికే, మధ్యాహ్నం వేళ ఇద్దరు కొండ దిగి వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. ముఖాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వాటర్ అన్నారు. సుబ్బలక్ష్మమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. వాళ్లలో ఒకడు గటగటా తాగి అక్కడే కక్కేసుకున్నాడు. ఆమె లోపలికి పోయి, హలీమా కోసం తోడుపెట్టిన పెరుగు చిలికి ఉప్పువేసి తెచ్చి, గుక్కగుక్కగా తాగమని చేత్తో సైగ చేసింది. పావుగంటకు వాళ్ల కళ్లలో వెలుగొచ్చింది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన హలీమా, వాళ్లు పోయాక తనకూ ఒక గ్లాసు పోయమంది. తాగి, పెట్టెలోంచి ఒక తాళంచెవి తీసి ఇచ్చింది.

"మా మామగారు రోజూ సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక సబ్లాలో కాఫీ పెట్టుకుని కూర్చునేవారు. గాడిదలు తోలుకొచ్చే వాళ్లలో ఎవరినీ ఉత్తి చేతులతో పంపేవారు కాదు. తలుపు తీసి చూడు లక్ష్మీ, లోపల ఏమైనా మిగిలిందేమో."

లోపల మిగిలింది గోడలే. కప్పు సగం కూలి ఉంది. తోటపని చేసే ఫజల్ చట్టోగ్రామ్ నుంచి వచ్చినవాడు, మాట తక్కువ మనిషి. అతనూ సుబ్బలక్ష్మమ్మా కలిసి మట్టి ఎత్తిపోసి, ఖర్జూరపు మొద్దులు అడ్డంగా వేసి, మట్టలతో కప్పు నేసి, గోడల సందుల్లో మట్టి మెత్తి, నెల రోజుల్లో గదిని నిలబెట్టారు. మొదట్లో అడిగినవాళ్లకు మజ్జిగ మాత్రమే. తర్వాత, అప్పడంలా పల్చగా పెనం మీద లాగే ఒమానీ రొట్టె హలీమా నేర్పింది. దానిమీద కోడిగుడ్డు కొట్టి, ఉల్లికారం రాసి మడిచి ఇవ్వడం సుబ్బలక్ష్మమ్మ సొంత ఆలోచన. చలి ఎక్కువ ఉన్న రోజుల్లో మిరియాలు వేసిన కందిపప్పు కట్టు. కాఫీ, ఖర్జూరాలు మాత్రం హలీమా చేతి మీదుగానే.

మనిషి పైకి పోగానే అతని పేరున ఒక స్టీలు గ్లాసు కడిగి అరుగు మీద బోర్లించి పెట్టడం ఆమె అలవాటు. పదిమంది ఎక్కితే పది గ్లాసులు. దిగొచ్చినవాళ్లు ఎవరి గ్లాసు వాళ్లు తీసుకుని తాగుతారు. ఆరిపోయి సిద్ధంగా ఉంటాయని అలా పెట్టేది. నవంబరు చివర్లో ఒక శుక్రవారం ఆ అలవాటే ఒక మనిషి ప్రాణం నిలబెట్టింది.

ఆ రోజు మేము పదకొండు మందిమి. కొత్తగా చేరిన వాళ్లలో ఎక్‌హార్ట్ అనే జర్మనీ పెద్దాయన ఉన్నాడు. అరవై ఏడేళ్లు. మస్కట్‌లో ఉద్యోగం చేసే కూతురిని చూడటానికి వచ్చాడు. నడకకు అలవాటుపడ్డ మనిషే, కానీ ఆయన బూట్లు ఆయనంత పాతవి. కుడిబూటు అడుగు ముందువైపు ఊడి నోరు తెరుచుకుని ఉంది. సుబ్బలక్ష్మమ్మ అది చూసి నన్ను పిలిచింది.

"ఆయప్పకు చెప్పు నాయనా, ఈ బూటుతో పైదాకా పోవద్దని."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి, నెమ్మదిగా నడుస్తాను, సగం దూరం పోయి వెనక్కి వచ్చేస్తాను అన్నాడు. ఆ బూటుతో అలాగే పోనివ్వడానికి ఆమె ఒప్పుకోలేదు. ఖర్జూరపు నార తాడు తెచ్చి, నేల మీద కూర్చుని, ఆ బూటు అడుగుభాగాన్ని రెండు చుట్లు తిప్పి గట్టిగా కట్టింది. వెనక్కి వచ్చేటప్పుడు ఈ దారినే రమ్మను, పక్కన వాదీలోకి దిగొద్దని చెప్పు అంది. వాదీ అంటే ఎండిపోయిన వాగు. పైనుంచి దిగేటప్పుడు ఒక చోట దారి చీలుతుంది. ఒకటి ఊళ్లోకి, ఇంకొకటి వాదీలోకి దిగి, దాని వెంట రోడ్డుకు. రెండోది దగ్గర దారి, కానీ పెద్ద పెద్ద బండలు దూకుతూ పోవాలి.

మేము సమాధులు చూసి, రెండు గంటల వేళకు సబ్లా చేరాం. ఎవరి గ్లాసు వాళ్లు తీసుకున్నాం. అరుగు మీద ఒక గ్లాసు మిగిలింది.

"జర్మనీ ఆయప్ప యాడ?" అంది సుబ్బలక్ష్మమ్మ.

కమ్రాన్ అప్పటికే ఆ సంగతి అడిగి తెలుసుకున్నాడు. దిగుతుంటే సగం దారిలో మాకు ఇంకో గుంపు కలిసింది, వాళ్లు వాదీ దారిన కార్ల దగ్గరికి దిగుతున్నారు. వాళ్లతో ఎక్‌హార్ట్ మాట్లాడుతుండగా మా వాళ్లలో ఒకతను చూశాడు. అలసిపోయాడు కాబట్టి వాళ్లతో వెళ్లి ఉంటాడని అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

"అక్కా, ఆయన వాదీ దారిల పోయిండట. కింద కార్ల కాడ ఉంటడు" అన్నాను.

"చూసినోళ్లు ఎవురు?"

"పోతుంటే ఎవరు చూడలే. మాట్లాడుతుంటే చూసిండ్రు."

ఆమె గ్లాసు వైపు చూసింది. "ఆయప్పది ముసలి కాలు. బూటడుగు నేను కట్టినా, నాకు తెల్సు అది ఎంతసేపుంటాదో. దిగొద్దంటే సరేనని తలకాయ ఊపినాడు. వాళ్ల ఎంబడి పోయింటే మంచిదే. పోకుంటే యాడ ఉన్నట్టు?"

అప్పుడే హలీమా కర్ర పట్టుకుని బయటకు వచ్చింది. ఆమె మా ఎవరి వైపూ చూడలేదు. తలెత్తి ఉత్తరం వైపు కొండ శిఖరం మీది మబ్బును చూసింది. మా తలల మీద ఎండ కాస్తూనే ఉంది, కొండ మీద మాత్రం నల్లగా దిగి ఉంది.

"పైన వాన పడుతోంది. ఇక్కడ చుక్క పడకముందే వాదీ వస్తుంది" అంది అరబ్బీలో.

అక్కడి వాళ్లు వరద వచ్చింది అనరు. వాదీ వచ్చింది అంటారు. కమ్రాన్ ముఖం మారిపోయింది. ఊళ్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. అతను కింద కార్ల దగ్గరికి పరుగెత్తాడు, ఆ గుంపును అందుకుని అడగడానికి, సిగ్నల్ దొరికే మలుపు దాకా పోయి పోలీసు సహాయానికి ఫోన్ చేయడానికి. మిగతా వాళ్లను వాదీ వైపు పోవద్దని హలీమా అరుగు మీదే కూర్చోబెట్టింది.

సుబ్బలక్ష్మమ్మ ఎవరినీ అడగలేదు. లోపలికి పోయి ఉతికి ఆరేసిన నూలుచీర ఒకటి, నీళ్లు తోడే మోకు, మూత బిగించిన ఐదు లీటర్ల డబ్బా నిండా మజ్జిగ తీసుకుని వచ్చింది. తోటలోంచి ఫజల్‌ను కేకేసి పిలిచింది. నేను డబ్బా అందుకున్నాను.

"నువ్వు వస్తాండావా? సరే రా. నేను ఆగమన్న చోట ఆగాల."

అంత వేగంగా కొండ ఎక్కిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ, చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా దోపుకుని పోతోంది. నేను నాలుగు వందల రూపాయల సాక్సులు, మంచి బూట్లు వేసుకుని వెనక రొప్పుతున్నాను. దారి చీలే చోట ఆమె ఆగి, వంగి నేల చూసింది. అక్కడ దుమ్ములో అందరి బూట్ల గుర్తులూ ఉన్నాయి. ఒక దానికి అడ్డంగా తాడు గీత పడి ఉంది. అది ఊరి దారిలోకే తిరిగింది.

"ఈ దావనే వచ్చినాడు. మీ వెనకాలే యాడో వస్తానే ఉండాడు."

చీలిక నుంచి ఊరి దారి కొంత దూరం వాదీ అంచునే సాగుతుంది; ఎక్కేటప్పుడు పరుగులో కిందికి చూడలేదు కాబట్టి అదే దారిన వెనక్కి దిగాం. ఆమె ఆగి ఆగి కేకేసింది. ఆయన పేరు ఆమె నోటికి రాలేదు. "జర్మన్ సార్, ఓ జర్మన్ సార్" అని పిలిచింది. మూడో మలుపులో కింద నుంచి ఈల వినిపించింది.

దారికి పన్నెండు అడుగుల కింద, వాదీ గర్భంలో, ఒక బండ నీడలో ఎక్‌హార్ట్ కూర్చుని ఉన్నాడు. మా గుంపంతా ముందుకు వచ్చేశాక, ఆయన ఒక మేకల గుంపుకు దారివ్వబోయి అంచుకు జరిగాడట. తాడు తెగింది, బూటడుగు మడతపడింది, కాలు జారింది. చీలమండ వాచి గుమ్మడికాయలా ఉంది. ఎండ తగలకుండా నీడలోకి జరిగి కూర్చున్నాడు. ఆ రోజు ఆ కొండలో కూర్చోకూడని చోటు అదొక్కటే.

ఫజల్ మోకు ఒక కొసను బండకు బిగించి పైన నిలబడ్డాడు. నేను, సుబ్బలక్ష్మమ్మ దిగాం. ఆమె నూలుచీరను ఆయన చంకల కిందుగా రెండు వరసలు చుట్టి, ముడివేసి, మోకుకు కట్టింది. ఆయన తొంభై కిలోలు ఉంటాడు. ఫజల్ పైనుంచి లాగుతుంటే నేను కింద నుంచి భుజం పెట్టి ఎత్తాను. ఆమె ఆయన మంచి కాలును రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో రాతి అంచు చూసి అక్కడ పెట్టింది. నొప్పికి ఆయన కేక వేసినప్పుడల్లా "అయిపాయ, ఇంగొక్కటి, ఇంగొక్కటే" అంటూ పోయింది. ఆ తెలుగు ఆయనకు అర్థమైనట్టే ఉంది.

సగం ఎక్కేసరికి పైనుంచి ఒక చప్పుడు మొదలైంది. సైట్లో టిప్పర్ కంకర దించుతుంటే వచ్చే చప్పుడు. నేను తల తిప్పి చూడబోయాను.

"చూడొద్దు నాయనా. ఎత్తు" అంది.

ఎత్తాను. ఆయన అంచు మీదికి చేరాడు. నేను ఆమెను ముందు ఎక్కమన్నాను. ఆమె నన్ను ఎక్కమంది. వాదులాడే టైం కాదని నేనే ఎక్కి చెయ్యి ఇచ్చాను. ఆమె పైకి వచ్చి ఇంకా ఊపిరి తీసుకోలేదు, వాదీ వచ్చింది. ఎర్రమట్టి రంగు నీళ్లు, మనిషి ఎత్తున, ముందు కొమ్మలనూ రాళ్లనూ తోసుకుంటూ. ఎక్‌హార్ట్ కూర్చున్న బండ మునిగిపోయి, కాసేపటికి కదిలిపోయింది. ఫజల్ నేల మీద కూలబడి రెండు చేతులూ పైకెత్తి ఏదో చదువుకున్నాడు.

ముందు మలుపులో ఇంకో పాయ దారిని అడ్డంగా కోసేసింది. నీళ్లు తగ్గేదాకా గంటన్నర పాటు అక్కడే ఒక పెద్ద బండ చాటున కూర్చున్నాం. సుబ్బలక్ష్మమ్మ ఆయన చీలమండకు చీర చింపి కట్టు కట్టింది, మజ్జిగ డబ్బా మూతలో పోసి కొంచెం కొంచెంగా తాగించింది. మనిషిని మాటల్లో పెట్టు, భయం తగ్గుతాది అని నాకు చెప్పింది. మీ ఊళ్లో కూడా కొండలున్నాయా అని అడిగాను.

ఆయన మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లది పశ్చిమ జర్మనీలో అడవి కొండల ప్రాంతం. ఆ కొండల్లో నడిచేవాళ్ల కోసం గుడిసెల్లాంటి చిన్న చిన్న ఇళ్లు ఉంటాయి. నడకసంఘం వాళ్లే కట్టుకున్నవి. ఆదివారాల్లో సంఘం మనుషులు వంతులవారీగా వచ్చి పప్పు సూపు కాచి, కేకులు చేసి, వచ్చినవాళ్లకు పెడతారు. పొడుగాటి బల్లల ముందు ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవాలి. వాళ్ల నాన్న కాలం నుంచీ ఆయన ఒక ఇంటికి తలుపులు, బల్లలు బాగుచేసి పెడుతున్నాడు. ఆయన వృత్తి వడ్రంగం.

నేను తెలుగులో చెబుతుంటే సుబ్బలక్ష్మమ్మ శ్రద్ధగా విన్నది. "జీతం లేకుండానే చేస్తారా?" అని అడిగింది. లేకుండానే అన్నాను. "మా అమ్మ గూడా అంతే" అంది. "అడవిలో గదా, ఆడోళ్లకు బాత్రూం ఉంటాదా అక్కడ?" అని అడగమంది. ఎక్‌హార్ట్ ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయాడు. ఉంటుందన్నాడు. ఆమె తల ఊపింది.

నాలుగున్నరకు నీళ్లు మోకాలి లోతుకు వచ్చాయి. అప్పటికి కమ్రాన్, ఊరి మగవాళ్లు ఇద్దరు, వెనకే పోలీసులు ఎదురొచ్చారు. ఎక్‌హార్ట్‌ను దుప్పటిలో వేసి మోసుకుపోయారు. కమ్రాన్ సుబ్బలక్ష్మమ్మ ముందు నిలబడి, తప్పు నాదే దీదీ అన్నాడు హిందీలో. ఆమె తనకు వచ్చిన హిందీలోనే, ఇకనుంచి నువ్వు అందరికంటే వెనక నడువు అని మాత్రం చెప్పింది. ఆ రోజు నుంచి కమ్రాన్ మా గుంపుకు చివరే నడుస్తున్నాడు.

ఈ సంగతి నడిచేవాళ్ల ఫోన్లలో పాకి, సబ్లాకు వచ్చేవాళ్లు పెరిగారు. పెరిగాక ఒక అధికారి కూడా వచ్చాడు. మర్యాదస్తుడు. కాఫీ తాగి, ఖర్జూరం తిని, కాగితాలు అడిగాడు. సబ్లాలో తిండి పెట్టడానికి లైసెన్సు లేదు. సుబ్బలక్ష్మమ్మ గుర్తింపు కార్డు, అదే బతాకా మీద ఇంటిపని అని రాసి ఉంది. ఇలా నడపకూడదు అన్నాడు.

"దాహమైన వాడికి తాగడానికి ఇవ్వాలంటే మా మామగారు ఎవర్నీ అడగలేదు" అంది హలీమా.

"మీ మామగారి కాలంలో నేను లేనమ్మా. రేపు ఇక్కడ తిన్నవాళ్లకు ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే నన్నే అడుగుతారు. నీళ్లు పెట్టండి, నీళ్లకు కాగితం అక్కర్లేదు" అన్నాడతను.

అతను పోయాక హలీమా రోజంతా కోపంగానే ఉంది. సుబ్బలక్ష్మమ్మకు మాత్రం అతని మాట సబబుగానే తోచింది. మరునాడే పొయ్యి ఆర్పేసి, అరుగు మీద మట్టికుండల్లో నీళ్లు పెట్టింది. ఐదు నెలలు సబ్లాలో రొట్టె కాలలేదు. ఆ ఐదు నెలల్లో, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగడానికే భయపడే హలీమా ఆరుసార్లు కొండ దిగి ఇబ్రా ఆఫీసులకు తిరిగింది. లైసెన్సు తన పేరున తీసుకుంది. సుబ్బలక్ష్మమ్మ వీసా వంటమనిషి వీసాగా మారింది. ఆమె కూడా ఆసుపత్రిలో పరీక్షలు చేయించుకుని, వంటశాల శుభ్రత గురించి మూడు రోజుల క్లాసులకు పోయింది. అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి, అక్కడ చెప్పినవన్నీ తలలో పెట్టుకుని వచ్చి ఫజల్‌తో గోడకు తెల్ల పలకలు వేయించింది. ఆ వారం జయరాముడు ఫోన్ చేసి, యాడికి పోయినా నీకు పొయ్యి తప్పలేదే అన్నాడట. ఇది నా పొయ్యి అని చెప్పిందట ఆమె. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు గొంతులో కొంచెం గర్వం వినిపించింది.

తర్వాతి చలికాలం ఎక్‌హార్ట్ మళ్లీ వచ్చాడు. కొత్త బూట్లు. మీకు నేను ఏం చేయగలను అని అడిగాడు. ఆమె తన కోసం ఏదో అడుగుతుందనుకున్నాను. గొలుసో, ఫోనో.

"బాత్రూం గావాల" అంది. "ఇంత పొద్దున లేసి మస్కట్ నుంచి ఆడపిల్లలు వస్తాండారు. దావలో యాడా లేదు. నీళ్లు తాగమంటే తాగరు, యాల అంటే చెప్పరు. నాకు తెల్దా? నీళ్లు తాగకుండా ఎక్కి పైన కండ్లు తిరిగి పడతాండారు."

మేమెవ్వరం ఎన్నడూ ఆలోచించని విషయం అది. ఆరేళ్లుగా ఆమె చూస్తూనే ఉంది. నక్షా నేను గీశాను. ఊట కాలువకు మైల అంటకుండా, దానికి దిగువన, ఇళ్లకు దూరంగా ఎక్కడ గొయ్యి తీయాలో హలీమా కర్రతో నేల మీద గీసి చూపించింది. అనుమతి వచ్చాక మా శుక్రవారం గుంపు మూడు వారాల పాటు సమాధుల దాకా పోలేదు. సిమెంటు సంచులు సగం సగం చేసి వీపుల మీద మోసుకుంటూ ఆ ఇరవై నిమిషాల మెట్లు ఎక్కాం. ఫజల్ రాయి కట్టాడు. ఎక్‌హార్ట్ తలుపు చేశాడు. గొళ్లెం లోపలి నుంచి గట్టిగా పడుతుందో లేదో సుబ్బలక్ష్మమ్మ పదిసార్లు వేసి తీసి చూసుకుంది.

హలీమా తమ్ముడి కూతురు ఖతీజా ఇబ్రాలో బడిపంతులమ్మ. తన బడి పిల్లలకు ఆ రాతి సమాధులు చూపించాలని ఆమెకు ఎప్పటి నుంచో ఉంది, ఆడపిల్లల తల్లులు ఒప్పుకునేవారు కాదు. ఈ జనవరిలో ఒప్పుకున్నారు. ఇరవై ఎనిమిది మంది అమ్మాయిలు వచ్చారు. వెంట నడవడానికి పెద్దవాళ్లు కావాలంటే నేనూ కమ్రాన్ వెళ్లాం.

బయల్దేరే ముందు ఖతీజా మాటల్లో అడిగింది, పైన సమాధుల్లో నీకు ఏది బాగా నచ్చింది లక్ష్మీ అని. సుబ్బలక్ష్మమ్మ నవ్వింది.

"నేను యాడ చూసినా అమ్మా. అందరూ పోయినాక దిగొచ్చేవాళ్లకు వంట చేయాల గదా. సగం దాకానే నేను పోయింది."

వందలమందిని పైకి పంపిన మనిషి తాను ఎక్కలేదు. ఈ మాట విని హలీమా ఊరుకోలేదు. కుర్చీ ఒకటి సబ్లా గుమ్మంలో వేయించుకుని కూర్చుంది. ఫజల్‌ను పప్పు కలియబెట్టమని పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. "ఇవాళ సబ్లా నాది. నువ్వు పో" అంది.

అలా ఆమె ఆ రోజు అమ్మాయిల వెంట కొండెక్కింది. పైన గాలి జోరుగా వీస్తోంది. కొండ అంచున వరసగా, రాతి మీద రాయి పేర్చి కట్టిన, గుండ్రటి బురుజుల్లాంటి సమాధులు. సున్నం లేదు, మట్టి లేదు. ఆమె ఒకదాని చుట్టూ మెల్లగా తిరిగి, గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఎవరు కట్టారు అని అడిగింది. ఎవరో తెలియదని, ఊళ్లూ పేర్లూ ఏమీ మిగల్లేదని ఖతీజా చెప్పింది.

"ఇంత పైకి ఈ రాళ్లు మోసినోళ్లకు కూడు ఎవురు పెట్టినారో" అంది సుబ్బలక్ష్మమ్మ.

ఆమె వచ్చీరాని అరబ్బీలో అన్న ఆ మాటను ఖతీజా అమ్మాయిలకు విడమరిచి చెప్పింది. వాళ్లు బురుజు నీడలో కూర్చుని, ఆ రాళ్లు మోసినవాళ్లు ఏం తిని ఉంటారని చాలాసేపు తర్కించుకున్నారు. ఖర్జూరాలని కొందరు, మేక మాంసమని కొందరు. సుబ్బలక్ష్మమ్మ ఒక బండ మీద కాళ్లు చాపుకుని, కొంగు తల మీద కప్పుకుని, కింద పొరలు పొరలుగా పోతున్న కొండలను చూస్తూ కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"ఓంకారూ, ఇక్కడికొచ్చినాక ఇంత ఆకలైతాదని మీరెవురూ చెప్పలేదే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు, ఏదో ఆలోచిస్తోంది. తర్వాతి శుక్రవారం మేము పోయేసరికి సబ్లా అరుగు మీద చిన్న చిన్న గుడ్డ మూటలు వరసగా ఉన్నాయి. ఉప్పు, ఎండుమిరపకాయ వేసి తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్లు. మనిషికొకటి ఇచ్చి, పైకి చేరాకే విప్పాలని చెప్పి పంపింది.